లాటిన్ పాఠానికి కీర్తన రాగం

మా అమ్మాయిని బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామని నేనన్నప్పుడు మా ఆయన పెద్దగా వాదించలేదు. ఆయన వాదించకపోవడమంటే ఒప్పుకున్నట్టు కాదని పదేళ్ల కాపురంలో నాకు తెలిసింది. టీ తాగి, గ్లాసు సింకులో పెట్టి, "ఒక నెల చేసి చూడు, తరవాత మాట్లాడుకుందాం" అని డ్యూటీకి వెళ్లిపోయారు.

బడిని అనడానికేమీ లేదు. మూడో తరగతి, ఓపికగల టీచరు, మంచి మార్కులు. ఇక్కడ ఒమాన్‌లో, అల్ హైల్‌లో మా వీధి చివరికే బస్సు వచ్చేది. కానీ ఎనిమిదేళ్ల పిల్ల ఒక అలవాటు నేర్చుకుంది. అర్థం కాకపోయినా అర్థమైనట్టు తల ఊపడం. ఒక సాయంత్రం భాగహారం చెబుతుంటే నాకూ అలాగే ఊపింది. "ఏమర్థమైందో చెప్పు" అంటే కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. "అందరూ ఊపుతారు కదమ్మా" అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. తెలియనిది తెలియదని చెప్పగలిగే పిల్లగా పెరిగితే చాలు, మార్కులు ఎవరిక్కావాలి అనుకున్నాను. మార్కులు కావలసినవాళ్ల వరసలో నేనే ముందున్నానని అప్పటికి నాకు తెలియదు.

మా కింది అంతస్తులో ఉండే మలయాళీ క్రైస్తవ కుటుంబం పిల్లలను ఇంట్లోనే చదివించుకుంటారు. ఆ ఇంటావిడ మూడు రకాల సిలబస్‌లు ప్రింటు తీసి ఇచ్చింది. మొదటిది పూర్తిగా బైబిలు వాక్యం మీదే నడుస్తుంది. లెక్కల్లో కూడా నోవహు ఓడ కొలతలే. భక్తి బాగానే ఉంది గానీ, ఓడ దిగాక ఈ పిల్ల ఏ లెక్కలు చేస్తుందో నాకు అర్థం కాలేదు. రెండోదాన్లో బడి పుస్తకాలే ఇంటికి వస్తాయి. దానికి బడే నయం. మూడోది క్లాసికల్ పద్ధతి. చిన్నతనంలో కంఠస్థం, కాస్త ఎదిగాక తర్కం, ఆ పైన తను నమ్మినదాన్ని చక్కగా చెప్పడం, రాయడం. గ్రీకుల పాత కథలు, లాటిన్ భాష. మొదటి పేజీలోనే సత్యం, మంచితనం, అందం అని పెద్ద అక్షరాలు. నా కళ్లు అక్కడే నిలిచిపోయాయి.

గ్రీకు దేవతల దగ్గర మాత్రం వారం రోజులు ఆగిపోయాను. ప్రార్థన చేసుకునే ఇంట్లో పిల్లచేత ఆ కథలు చదివించవచ్చా? ఆలోచిస్తుంటే మా పక్కింటి మామ్మగారు గుర్తొచ్చారు. నా చిన్నప్పుడు ఆవిడ అరుగు మీద కూర్చుని ఎన్ని పురాణ కథలు విన్నానో లెక్కలేదు. ఆదివారం వస్తే మామూలుగానే చర్చికి వెళ్లేదాన్ని. ఆ కథలు నా విశ్వాసాన్ని ఎత్తుకుపోలేదు. మనుషులు దేవుడి కోసం ఎంతగా వెతుక్కుంటారో ఆవిడ చెబుతుంటేనే నాకు మొదట తెలిసింది. ఆవిడ పెట్టిన చేగోడీలూ నాకు ఏ హానీ చేయలేదు. నాకు పనికొచ్చింది నా కూతురికి పనికిరాకుండా పోదు కదా అని ఆ సందేహాన్ని అక్కడితో వదిలేశాను.

లాటిన్ దగ్గర మా ఆయన ఆగారు. "ఇది లాటిన్ నేర్చుకుని ఎవరితో మాట్లాడాలంట? సైట్‌లో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు, కొట్లో అరబ్బీ. ఇంట్లో తెలుగు నీ కేకలకే సరిపోతుంది."

"పునాది గట్టిగా ఉంటుందండీ."

"పునాది సంగతి నాకు చెబుతున్నావా?" అని నవ్వారు. ఆయన కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సూపర్‌వైజరు.

నిజం చెప్పాలంటే నన్ను పట్టేసింది పునాది కాదు, కంఠస్థం. చిన్నప్పుడు సెలవుల్లో చర్చిలో పెట్టే కంఠత వాక్యాల పోటీల్లో నాకు ఎదురులేదు. మా పుట్టింటి స్టీలు గ్లాసుల్లో సగం నా బహుమతులే. ఇలాంటి చదువు పెంచిపోషించింది మనమే కదా, ఇప్పుడు వాళ్లెవరో కొత్తగా కనిపెట్టినట్టు చెబుతున్నారేమిటని గర్వపడ్డాను. ఏడాది పుస్తకాలు తెప్పించే ముందు, నమూనా పాఠాలతో నెల రోజులు చూద్దామని మొదలుపెట్టాను.

లాటిన్ క్రియలకు చివర వచ్చే ముక్కలు ముందు నోటికి రావాలట. ఓ, ఆస్, ఆట్, ఆముస్, ఆటిస్, ఆంట్. పిల్లకు నోరు తిరగలేదు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఆరాధనలో మేము తరచూ పాడుకునే కీర్తన రాగంలో వాటిని ఇమిడ్చాను. అతికినట్టు కుదిరింది. మూడు రోజుల్లో అమ్మాయి స్నానం చేస్తూ, చెప్పులేసుకుంటూ కూడా అదే పాడింది. అర్థం తరవాత చూసుకుందాం అనుకున్నాను. ఆ అర్థం నాకూ సరిగా తెలియదన్న సంగతి పిల్లకు చెప్పలేదు.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన శుక్రవారం ఉదయమే. మా తెలుగు సహవాసంలో అన్ని సంఘాలవాళ్లూ ఉంటారు. నర్సులు, డ్రైవర్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, మా ఆయనలాంటివాళ్లు. ఆ శుక్రవారం ప్రార్థన మనవులు చెప్పమంటే ఒక పెద్దమ్మగారు లేచారు. గోదావరి వైపు మనిషి, మా అమ్మాయి అమ్మమ్మా అని పిలుస్తుంది. ఒమానీల ఇంట్లో వంట చేస్తారు. ఆమెకు రెండు వారాలకొక శుక్రవారమే సెలవు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయనీ, వచ్చే గురువారం ఆపరేషన్‌కు రమ్మన్నారనీ, వెళ్లాలో వద్దో దేవుడు ఒక గుర్తు చూపించాలనీ చెప్పి కూర్చున్నారు.

వెంటనే అందరూ కీర్తన అందుకున్నారు. అదే కీర్తన.

నా పక్కన మా అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుని, చేతులెత్తి, గొంతు విప్పి లాటిన్ అందుకుంది. ఓ, ఆస్, ఆట్. నేను మోచేత్తో పొడిచాను. అది ఇంకా గట్టిగా పాడింది, నేను మెచ్చుకుంటున్నాననుకుంది కాబోలు. ఆత్మ దిగివచ్చినప్పుడు మనిషికి తెలియని అన్యభాషల్లో స్తుతి వస్తుందని మా సహవాసంలో చాలామంది నమ్మకం. ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగారు. ఎవరో "స్తోత్రం" అన్నారు. పెద్దమ్మగారు వచ్చి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, దాని చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుని ఏడ్చారు.

చెప్పవలసింది అప్పుడే. నేను చెప్పలేదు. పదిమంది చుట్టూ చేరి పిల్ల బుగ్గలు నిమురుతుంటే, ఒక నర్సమ్మ "తల్లి పెంపకం" అంటుంటే, నేను వినయంగా తల వంచుకుని నిలబడ్డాను. ఏ కంఠత పోటీలోనూ ఇలాంటి గ్లాసు నాకు రాలేదు.

కారులో మా ఆయన, ఆరాధన జరిగే ఘాలా దాటేదాకా నవ్వుతూనే ఉన్నారు. తరవాత నవ్వు ఆపి, "ఆవిడకి చెప్పేయి" అన్నారు.

"అందరి ముందూ చిన్నబుచ్చుకుంటారండీ. మళ్లీ కలిసినప్పుడు చెబుతాలెండి."

వెనక సీట్లో అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

సోమవారం మధ్యాహ్నం, తాను పనిచేసే ఇంట్లోవాళ్లు నిద్రపోయే వేళకు పెద్దమ్మగారు ఫోన్ చేశారు. నేను చేపలు శుభ్రం చేస్తున్నాను. అమ్మాయి ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, నా ముందు పట్టుకుంది.

"పాప ప్రార్థన చేసిన కాణ్ణుంచి నొప్పి తీసేసినట్టు పోయిందమ్మా. దేవుడు గుర్తు చూపించేశాడు. గురువారం రానని చెప్పేత్తాను."

చేతిలోని చేపను వదిలేశాను. నోరు తెరిచి, "మంచిదే పెద్దమ్మగారూ" అన్నాను. అంటూ తల ఊపాను. అవతలి మనిషికి కనపడదని తెలిసీ ఊపాను. చూసింది మా అమ్మాయి ఒక్కతే.

"అమ్మా, అది లాటిన్ అని చెప్పవా?" అంది.

"ఏంటంటంది పాప?" అన్నారు పెద్దమ్మగారు.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. అది పాఠమనీ, నేర్పింది నేనేననీ, రాగం కుదిరిందని కీర్తనలో పెట్టానని అంతా చెప్పాను.

"మూడు రోజులైంది కదమ్మా" అన్నారు పెద్దమ్మగారు. "చదువుకున్నదానివి. ఆరోజే నా చెవిలో ఓ మాట వేస్తే పోయేది కదా?"

"సిగ్గేసింది పెద్దమ్మగారూ. అందరూ మెచ్చుకుంటుంటే బాగుంది కూడా." ఆ రెండో మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆవిడ నిట్టూర్చారు. "నాకు మాత్రం ఏంటిలే. కత్తంటే భయం. వంక దొరికితే చాలని చూశాను, పాప దొరికింది. గురువారం వెళ్తాన్లే." మళ్లీ ఆవిడే అన్నారు. "పాపని ఓసారి ప్రార్థన చెయ్యమనమ్మా. నాకర్థమయ్యేలాగ."

ఏ సిలబస్ తీసుకున్నారని ఇప్పటికీ కొత్తగా వచ్చిన తల్లులు అడుగుతుంటారు. ఆ మూడోదే తీసుకున్నాం. లాటిన్ కూడా ఉంది. అర్థం ముందు, కంఠస్థం తరవాత, అంతే మేం మార్చింది. నాకు తెలియని చోట ఇద్దరం కలిసి వెతుక్కుంటాం. పాఠాలు మెల్లగా నడుస్తాయి, చెప్పుకోదగ్గ గొప్పేమీ ఉండదు. వాళ్లకు ఇంతవరకే చెబుతాను. ఆ సోమవారం సంగతి చెప్పను.

అంతకుముందు మా అమ్మాయి చేసిన ప్రార్థనలన్నీ నేను నేర్పినవే, మొదలూ చివరా తప్పకుండా అప్పజెప్పేది. ఆరోజు ఎలా మొదలుపెట్టాలో దానికి తెలియలేదు. రెండు సార్లు గొంతు సవరించుకుంది.

"దేవా, అమ్మమ్మకి గురువారం ఆపరేషన్. అమ్మమ్మకి భయం. నొప్పి ఎందుకు తగ్గిందో నాకు తెలీదు. నేను పాడినదానికి అర్థం కూడా నాకు తెలీదు. మా అమ్మకీ తెలీదు, తెలిసినట్టు ఉంటుంది అంతే. అమ్మమ్మని డాక్టరు బాగా చూడాలి. మా అమ్మ నిజం చెప్పడానికి మూడు రోజులు పట్టింది, ఏమనుకోకు. ఆమేన్."

ఫోన్‌లో పెద్దమ్మగారు గట్టిగా ఆమేన్ అన్నారు. అమ్మాయి ఫోన్ కట్ చేయకుండా, నేనూ అనాలని నా వైపే చూస్తూ నిలబడింది.