వెనక్కి తిరిగి చూసిన రోజు

నా చిన్నప్పటి మాదాపూర్‌లో మనుషులకన్నా బండరాళ్లే ఎక్కువ. ఆ రాళ్లను పగలగొట్టి పెద్ద పెద్ద ఆఫీసులు కడుతున్న రోజులవి. నాన్న సెంట్రింగ్ మేస్త్రీ. పని కోసం మమ్మల్ని అనంతపురం నుంచి తీసుకొచ్చి ఒక్క గదిలో కాపురం పెట్టాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది. ఏడు నెలలు ఆసుపత్రికీ ఇంటికీ తిరిగి తిరిగి మాకు ఏడ్చే ఓపిక కూడా మిగల్లేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ రోజు నాకు ముందు వచ్చింది నిద్రే.

అస్థికలు కృష్ణలో కలపాలని మా జేజి, అంటే నాన్న వాళ్లమ్మ, పట్టుబట్టింది. అమ్మ మాత్రం దుర్గం చెరువు కావాలని అడిగి పోయింది. ఒంట్లో బాగున్న రోజుల్లో ఆదివారాలు అమ్మా నాన్నా నేనూ ఆ చెరువు పక్క గుట్టల మీద కూర్చుని పులిహోర తినేవాళ్లం. చుట్టూ రాళ్లు, మధ్యలో పచ్చటి నీళ్లు, మా మాటలు తప్ప చప్పుడే ఉండేది కాదు. మూడో రోజు పొద్దున్నే నాన్న అస్థికల కుండ పట్టుకుని అటే నడిచాడు. జేజి గొణుక్కుంటూనే మా వెంట వచ్చింది.

నీళ్ల దగ్గరికి దిగే ముందు జేజి నా చెయ్యి పట్టుకుంది. "కలిపినాక యెనక్కి తిరిగి చూడొద్దు పాపా. చూస్తే మీయమ్మ పోలేక ఈడనే చిక్కుకుంటాది" అంది.

నాన్న మోకాలి లోతు నీళ్లలో నిలబడి కుండ వంచాడు. బూడిద కాసేపు తేలి, మెల్లగా విడిపోయింది. ముగ్గురం గుట్ట ఎక్కడం మొదలుపెట్టాం. పది అడుగులు వేశానో లేదో, తిరిగి చూసేశాను. కావాలనే చూశాను. అమ్మ అక్కడ ఒక్కతే ఉందనిపించింది.

అంతే, అక్కడే చతికిలబడ్డాను. అమ్మను నేనే ఆపేశానని, ఇక ఆమె ఎక్కడికీ పోలేదని వెక్కి వెక్కి ఏడ్చాను. జేజి నెత్తి కొట్టుకుంది. అలసిపోయిన నాన్న పూర్తిగా వెనక్కి తిరిగి చెరువును కళ్లారా చూశాడు.

"నేనూ చూసినా లేమ్మా" అన్నాడు. "మీయమ్మ సంగతి నీకు తెల్దా? బస్సొస్తే నేనెక్కినానా లేదా అని కూడా చూడదు. మనం చూస్తే ఆగుతాదా?"

అది నిజం మరి. ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. జేజి మమ్మల్నిద్దర్నీ తిట్టిపోసింది. తిట్టీ తిట్టీ చివరికి తనూ తిరిగింది. అందరికన్నా ఎక్కువసేపు చూసింది ఆవిడే.

"పో తల్లీ, నిమ్మళంగా పో" అంది.

పిల్ల తప్పు చేస్తే, అదే తప్పు చేసి పక్కన నిలబడవచ్చని నాకు నేర్పింది నాన్నే. నా పిల్లల దగ్గర అంత ఓపిక నాకు చాలాసార్లు ఉండదు. పని నుంచి వచ్చిన ఒంటికి కసురుకోవడమే తేలిక. పోయిన ఏడు నాన్నను కృష్ణలో కలిపి గట్టెక్కుతుంటే, తిరిగి చూడొద్దని పంతులుగారు హెచ్చరించారు. నేను ఆగి, తిరిగి, తనివితీరా చూశాను. నేనూ చూసినా లేమ్మా అనే మనిషే పక్కన లేడు.