గాంధారం మీద నా పేరు

మా పక్కింటి వెల్డరు కువైట్ నుంచి నెల సెలవు మీద ప్రొద్దుటూరు వచ్చినప్పుడు ఒక స్టీలు డ్రమ్ము తెచ్చాడు. నూనె పీపా అడుగును గిన్నెలా లోపలికి కొట్టి, అందులో స్వరానికొక సొట్ట పెట్టిన వాయిద్యం అది. అక్కడ తనతో పనిచేసే ఏవో దీవుల నుంచి వచ్చిన మనిషి దగ్గర నేర్చుకున్నాడట. దాన్ని నాకిచ్చి, తిరిగి వెళ్ళేలోపు ఒక్క భజన పాటైనా నేర్పిస్తానన్నాడు. ఊరికే ఇస్తున్నాడంటే నాకు అప్పుడే అనుమానం.

మా ఆవిడ చూసి, "నీళ్ళు పట్టుకుందామన్నా లోతు ల్యాదే" అంది.

ఎవరి దగ్గరా కూర్చోకుండా హార్మోనియం నేర్చుకున్నవాణ్ణి. స పక్కన రి ఉండాలని నాకు తెలుసు. ఇందులో స పక్కన ప ఉంది.

"ఏందప్పా ఇది? వరస తప్పి చేసినారే. పనికిరానిది నాకు అంటగట్టినావా?"

"అట్లే ఉండాల మామా. స, రి పక్కపక్కన పెడితే ఒకదాన్ని కొడితే ఇంకోటి గొణుగుతాది."

నమ్మలేదు. అయినా రబ్బరు చుట్టిన పుల్లలు పట్టుకుని రోజూ పొద్దున్నే కూర్చున్నాను. మూడో వారానికి పల్లవి పలికింది. పలికాక ఇంకో భయం పట్టుకుంది. దీన్ని ఎవరైనా మార్చేస్తే? నలభై ఏళ్ళ కిందట పులివెందులలో ఒక పెళ్ళి వంటకి మా ఇత్తడి గుండిగ ఇచ్చాం. తిరిగొచ్చింది మాది కాదు, అడుగు పల్చబడిన ఇంకెవరిదో. మా దాని మీద పేరు కొట్టించలేదు గనక నా మాట ఎవరూ వినలేదు. ఆ మంట ఇంకా ఆరలేదు. అందుకని ప్రొద్దుటూరు అంగళ్ళ మీద నమ్మకం లేక, డ్రమ్మును జమ్మలమడుగు దాకా మోసుకుపోయి, చెంబుల మీద కొట్టించినట్టే చుక్కల అక్షరాలతో పేరు కొట్టించాను. నునుపుగా ఉన్న చోటు నేనే చూపించాను.

మరునాడు గ మీద కొడితే గిన్నె మూత మీద కొట్టినట్టు మోగింది. వెల్డరు రాగానే పట్టుకున్నాను.

"ఏం సరుకప్పా ఇది? మూడు వారాలకే గొంతు పాయ."

అతను వంగి, ఆ చుక్కల మీద వేలు పెట్టి తడిమాడు. "బిందె అనుకుంటివా మామా? ఈడ ఒక్క దెబ్బ పడినా గొంతు మారతాది. నువ్వు ఇంటిపేరుతో సహా కొట్టిచ్చినావు."

అతని ప్రయాణానికి ఇంక నాలుగు రోజులే.

"కింది వైపు నుంచి కొట్టి చూచ్చా. అక్షరాలు అణిగిపోతాయి. పేరు కావాల్నా, గ కావాల్నా?"

పేరు పోతే ఇది ఎవరిదైనా కావచ్చు. పుల్లలు తీసుకుని పల్లవి ఎత్తుకున్నాను. గ దగ్గర మళ్ళీ ఆ మూత చప్పుడే. ఆపేశాను.

"గ" అన్నాను.

అతను డ్రమ్మును బోర్లించి చిన్న సుత్తి అందుకున్నాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, ప్రతి దెబ్బా ఎక్కడ పడుతుందో చూస్తూ కూర్చున్నాను.