నేనేం ముట్టలే

ఇరవై ఆరేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. పెద్దదేం కాదు, రెండు మాటలు. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు నా పేరు తెలియదు కనుక ఇప్పుడు మీకు రాయగలుగుతున్నాను. ఇదీ పిరికితనమేనా? కావచ్చు.

నేను కెమిస్ట్రీ ప్రొఫెసర్ని. అణువులు ఢీకొన్నప్పుడు ఏమవుతుందో చూడడమే నా జీవితమంతా చేసిన పని. గాలి పూర్తిగా తోడేసిన ఒక ఉక్కు పాత్రలోకి రెండు వాయువులను సన్నటి ధారలుగా వదులుతాం. అవి మధ్యలో ఢీకొని చెదిరిపోతాయి. ఏ కోణంలోకి ఎన్ని అణువులు పోయాయో లెక్కపెట్టే డిటెక్టర్ ఒక కడ్డీ చివర ఉండి చుట్టూ తిరుగుతుంది. ఆ కడ్డీ వెంట్రుకవాసి కిందికో పైకో జరిగినా లెక్క మారిపోతుంది.

హైదరాబాదులో పీహెచ్‌డీ రోజుల్లో ఆ మిషన్ మీద ఇద్దరమే పనిచేసేవాళ్లం. నేనూ, అనసూయా. మాది గోపాల్‌పేట దగ్గర పల్లీలు పండించే ఇల్లు. వాళ్లది గద్వాలలో మగ్గం నేసే ఇల్లు. ఇద్దరం పాలమూరోళ్లమేనని తెలిసిన మొదటి రోజే ఆమె నన్ను అన్నా అని పిలిచింది. ఊరికి వెళ్లొచ్చినప్పుడల్లా జొన్నరొట్టెలు నాకని వేరుగా మూటగట్టి తెచ్చేది.

ఒక వానాకాలం ఆమె గ్రాఫులో ఒక కోణం దగ్గర గీత చిన్న గుట్టలా పైకి లేచింది. సిద్ధాంతం ప్రకారం ఆ కోణంలో ఏమీ ఉండకూడదు. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ వచ్చింది. మా గైడు పూర్తిగా నమ్మలేదు కానీ ముచ్చటపడ్డారు. ఇంకోసారి చేసి చూపిస్తే పేపరు రాద్దామన్నారు. అంతలో అనసూయ వాళ్ల నాయనకు పక్షవాతం వచ్చిందని కబురొచ్చింది. వెళ్లిపోయింది. నెలన్నర రాలేదు.

ఆ నెలన్నర మిషన్ నాదే. నా థీసిస్‌కు చివరి రీడింగులే మిగిలాయి. ఒక మధ్యాహ్నం లోపలి ఫిలమెంటు తీగ మారుస్తుంటే చేతిలోని స్పానర్ జారి డిటెక్టర్ కడ్డీ మీద పడింది. కడ్డీ కాస్త కిందికి దిగింది. ఏం చేయాలో నాకు బాగా తెలుసు. రిజిస్టర్‌లో రాయాలి, గైడుకు చెప్పాలి, అంతా విప్పి మొదటి నుంచి సరిచూడాలి. నెల పని. నేను కంటితో చూసి, చేత్తో పైకి లేపి, మూత బిగించాను. నావి ఆమె గుట్టలా చిన్నవి కాదు, పెద్ద సిగ్నళ్లు, బాగానే వచ్చాయి. బాగానే వచ్చాయనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరమైంది.

అనసూయ తిరిగొచ్చి మళ్లీ చేసింది. గుట్ట లేదు. పది రోజులు తిండి సరిగా తినకుండా చేసింది. లేదు. చివరికి మిషన్ మీద చెయ్యి ఆనించి నన్ను అడిగింది.

“అన్నా, నేను ఊర్ల ఉన్నప్పుడు దీన్ల నువ్వేమన్న ముట్టినవా?”

“లేదు. నేనేం ముట్టలే.”

“గట్లైతే నేను చూసిందేంది మరి?”

జవాబు నా చేతిలోనే ఉంది.

నిజం చెబితే నా రీడింగులు కూడా పనికిరాకుండా పోతాయి. ఉద్యోగానికి ఇంటర్వ్యూ దగ్గర పడింది. ఇవి కారణాలే. కానీ నోరు తెరిచిన ఆ క్షణంలో నేను నిజంగా ఇవన్నీ ఆలోచించానా? లేదు. ఆమె అడగడం పూర్తి కాకముందే ఆ మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

గైడు ఆమెను దొంగ అనలేదు. చూడాలనుకున్నదే చూసింది పాపం, అన్నారు. దొంగ అన్నా బాగుండేది, ఎదురు తిరిగేది. ఫెలోషిప్ పొడిగించలేదు. ఆమె పీహెచ్‌డీ వదిలి వెళ్లేరోజు బస్టాండు దాకా ట్రంకుపెట్టె మోసింది నేనే.

నాకు డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్లకు ఒక విదేశీ ల్యాబు వాళ్ల పేపరు చదివాను. అదే గుట్ట. అదే కోణం. ఆ పూట క్లాసుకు పోలేకపోయాను. అప్పుడైనా చెప్పానా? చెప్పకపోగా, ఒక సదస్సులో లేచి నిలబడి, దీని ఛాయలు మేం ఎప్పుడో చూశామన్నాను. ‘మేం’ అన్నాను, ‘ఆమె’ అనలేదు. చప్పట్లు కొట్టారు.

మొన్న చలికాలంలో గద్వాలలో ఒక కాలేజీవాళ్లు సైన్స్ ఎగ్జిబిషన్‌కు పిలిచారు. అనసూయ అక్కడే లెక్చరర్ అని తెలిసి అంతకుముందు రెండుసార్లు తప్పించుకున్నాను. ఈసారి ఎందుకో ఒప్పుకున్నాను. మా ఊళ్లో తమ్ముడింట్లో దిగి, వనపర్తి మీదుగా బస్సులో వెళ్లాను. సభకు నన్ను పరిచయం చేసింది అనసూయే. జుట్టు నెరిసింది. “అన్న గిన లేకుంటే పట్నంల నాకు ఆ రోజులు ఎల్లేటివి కావు” అంది మైకులో. పిల్లలు నా వైపు చూశారు. నేను ఏం మాట్లాడి దిగానో నాకు గుర్తులేదు.

స్టాఫ్ రూములో ఎవరూ లేని సమయం చూసి చెప్పాను. వరుస లేకుండా, తడబడుతూ, ముందు స్పానర్, తర్వాత అబద్ధం, మళ్లీ స్పానర్. ఆమె ఏడవలేదు. తిట్టలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

“ఎంత జారింది?”

“జర్రంత. కిందికి.”

“జర్రంతంటే ఎంత? కొలిచినవా?”

“లేదు.”

“కొలువలేదా అన్నా?”

అబద్ధం గురించి విన్నప్పుడు కూడా ఆమె ముఖం అలా మారలేదు. టీ గ్లాసును పక్కకు జరిపి అంది.

“నేను ఇప్పటికీ పిల్లల మార్కులు మూడుసార్లు కూడుత. నా కండ్ల మీద నాకు నమ్మకం లేక.”

బెల్లు కొట్టారు. హాజరు పట్టీ తీసుకుని క్లాసుకు వెళ్లింది. నేను ఆ గంటంతా అక్కడే కూర్చున్నాను. మేడం అటువైపు గేటు నుంచి ఇంటికి వెళ్లిపోయారని అటెండరు వచ్చి చెప్పాడు.

నా థీసిస్ చివరి అధ్యాయాన్ని నమ్మవద్దని, ఆ గుట్టను మొదట చూసింది అనసూయ అని యూనివర్సిటీకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. వస్తే ఏమొస్తుందో తెలియదు. ఆమె ఫోన్ చేయలేదు. చేయాలని కోరుకునే హక్కు నాకు లేదు.

దాచిపెట్టినది మాత్రం ఇక నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఈ రోజు అన్నం తింటుంటే చాలా ఏళ్ల తర్వాత రుచి తెలిసింది. అందుకు సిగ్గుపడ్డాను. అయినా తిన్నాను.