మోగే బంతి

ఆ రోజు విజయవాడ బస్టాండులో నేను చేసిన తప్పు, పక్కన కూర్చున్న చూపు లేని కుర్రాడిని కసురుకోవడం. అతను చేతిలో ఒక ప్లాస్టిక్ బంతిని గలగలలాడిస్తున్నాడు.

"ఆపు బాబూ, తలనొప్పిగా ఉంది."

"సారీ అండీ. క్రికెట్ ఆడొస్తున్నా, చెయ్యి ఊరుకోట్లా."

"చూపు లేకుండా క్రికెట్ ఆడితే దెబ్బలు తగలవూ?"

"కళ్ళు మూసుకుని ఎదురుగా నిలబడండి, మీకే తెలుస్తది. రెడీనా అండీ?"

నిలబడ్డాను. బంతి మోగుతూ నేలమీద దొర్లుకుంటూ వచ్చింది. చప్పుడు దగ్గరయ్యేసరికి భయమేసి పక్కకు తప్పుకున్నాను.

అతను నవ్వాడు. "పారిపోయారా? మావాళ్ళు దాని మీదికి దూకుతారండీ."

మా అమ్మాయి గ్రేసీకీ చూపు లేదు. ఆ ఆట ఆడతానని ఏడాదిగా అడుగుతోంది. దెబ్బలు తగులుతాయని నేనే పంపలేదు. బంతి తెచ్చి అతని చేతికిచ్చి, మంగళగిరి బస్సెక్కాను. దారంతా చెవిలో ఆ బంతే మోగింది.

ఆదివారం చర్చి అయ్యాక, వాళ్ళు ఆడే మైదానం కనుక్కుని గ్రేసీని తీసుకెళ్ళాను. ఆడేవాళ్ళకు బంతి వినపడాలి, చూసేవాళ్ళు మాట్లాడకూడదన్నారు. మొదటి బంతే గ్రేసీ మోకాలికి తగిలింది. పిలవబోయి నోరు నొక్కుకున్నాను.

గ్రేసీ మోకాలు రుద్దుకుని, "మళ్ళీ వెయ్యండి" అంది.