నాలుగు దిమ్మలు

చివరి రోజు ఉదయం మామయ్య డాబా మీద కూర్చుని చెప్పుకి మేకు కొట్టుకున్నాడట. కూర్చున్నది మూలనున్న సిమెంటు దిమ్మ మీద. చెప్పును మాత్రం నేల మీద పెట్టి, వంగి, మూలుగుతూ కొట్టాడు.

"దిమ్మ మీద పెట్టుకుని కొట్టుకోరా, నడుం పట్టేస్తుంది" అంది అమ్మ.

"దాని మీద సుత్తి పడకూడదక్కా" అన్నాడు.

ఆ చెప్పులేసుకునే పనికి వెళ్ళాడు. మధ్యాహ్నం పనిచోటే గుండె ఆగింది.

మామయ్య అమ్మకు తమ్ముడు. నాన్న పోయాక మా ఇద్దరినీ తన ఇంటికి తెచ్చుకున్నాడు. పెళ్ళి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. ఇళ్ళ పిల్లర్లకు ఇనుప చువ్వలు కట్టడం అతని పని. ఎవరు ఒంటిగది కట్టుకున్నా, పిల్లర్ చువ్వల్ని స్లాబు దాటించి మూడడుగులు పైకి వదిలేవాడు. రేపెప్పుడో పైన ఇంకో గది వేసుకోవడానికి. అందుకే తోటివాళ్ళు "పైఅంతస్తు" అని పిలిచేవారు. ఆ రోజుల్లో వద్దన్నవాళ్ళు లేరు. ఏ డాబా చూసినా ఆకాశంలోకి చువ్వలే.

మా డాబా మీదా నాలుగు మూలలా నాలుగేసి. అక్కడ నాకొక గది వేస్తానన్నాడు. కిటికీ ఎక్కడుండాలో సుద్దముక్కతో గీశాను. వానకు చెరిగినప్పుడల్లా మళ్ళీ గీయించేవాడు.

తర్వాత బ్యాంకులు మూతబడ్డాయి. మూసిన తలుపుల ముందు జనం రెండు వారాలు నిలబడి, ఇళ్ళకు పోయారు. గోడలు లేచిన ఇళ్ళు గోడల దగ్గరే ఆగాయి. నేను పనిచేసే అచ్చాఫీసు మూసేశారు. మామయ్య ఏడెనిమిది నెలలు ఖాళీగా ఉన్నాడు. ఆ తర్వాత దొరికింది, తను వదిలిన చువ్వల్ని తానే కోసే పని.

"పైన ఇంకేం కడతాం మేస్త్రీ, కోసెయ్. బట్టలు చిరుగుతున్నాయి."

"కాస్త ఆగి చూడండి బాబూ."

"దేనికోసం ఆగమంటావ్? కట్టినందుకూ కూలి తీసుకున్నావ్, కోసినందుకూ ఇస్తున్నాం. నీకేం పోయింది!"

బ్యాంకులు తిరిగి తెరిచారు. పనులూ మెల్లగా మొదలయ్యాయి. కానీ కొత్తగా ఇల్లు వేసుకునేవాళ్ళు ముందే చెప్పేవారు, పైకి చువ్వలు వదలొద్దని. ముగ్గురు నలుగురు పిల్లలున్నవాళ్ళూ అదే మాట. "ఏం పైఅంతస్తూ, ఎక్కడిదాకా వచ్చింది?" అని వెక్కిరించేవాళ్ళతో పాటు తనూ నవ్వేవాడు.

మూడేళ్ళు చూశాక నాకు దూరపు ఊళ్ళో పని దొరికింది. వెళ్ళాలో, గది కోసం ఉండిపోవాలో తేలలేదు. ఒకరోజు ఆరేసిన దుప్పటి తీస్తుంటే చువ్వకు పట్టి పర్రున చిరిగింది.

"ఊరందరివీ కోశావ్. మనవెందుకు ఉంచావ్, నన్ను ఊరించడానికా?"

"కోపంలో అడగకే. చల్లబడ్డాక అడుగు, కోస్తాను."

"చల్లగానే అడుగుతున్నా. ఇవి కళ్ళముందుంటే నేను కదల్లేను మామయ్యా."

రెండు రోజులు డాబా మీద రంపం చప్పుడు. మెట్ల తలుపుకు అవతల గడియ పెట్టుకున్నాడు. మూడో రోజు పైకి తీసుకెళ్ళాడు. చువ్వలు లేవు. వాటి చోట నాలుగు మూలలా మోకాలెత్తు సిమెంటు దిమ్మలు.

"కూర్చోడానికి పనికొస్తాయిలే" అన్నాడు.

ఆ వారమే వెళ్ళిపోయాను. ఆపుతాడేమో అనుకున్నాను. బస్సుదాకా నా పెట్టె మోశాడు. అంత తేలిగ్గా కోసేశాడే అని లోపల ఒక కినుక. పదకొండేళ్ళు ఆ కినుకతోనే ఫోన్లు చేశాను.

అతను పోయాక అమ్మను నా దగ్గరకు తెచ్చుకుని ఇల్లు అమ్మేశాను. పైన గది వేసుకోవచ్చా అని కొన్నాయన అడిగాడు. "చువ్వలు కోసేశారండీ, కుదరదు" అని నేనే చెప్పాను.

పోయిన నెల ఇల్లు కొన్నవాళ్ళ మేస్త్రి ఫోన్ చేశాడు. నీళ్ళ ట్యాంకుకు అడ్డమని దిమ్మలు పగలగొట్టారట.

"ఇవి ఎవరు పోశారమ్మా? సుత్తి తగలగానే రాలిపోయాయి, సిమెంటు పేరుకే వేశారు. లోపల చువ్వలు వంచి, గ్రీజు పూసి, గోనె చుట్టి దాచారు. పదహారూ ఉన్నాయి. ఒక్కదానికీ తుప్పు లేదు."

అమ్మకు చెప్పాను. "మరి ఆ రెండు రోజులూ కోసిందేమిటి?" అన్నాను.



"వాడి ఇనపమంచం ఆ వారమే కనిపించకుండా పోయింది" అంది అమ్మ. "నడుముకి నేలే మంచిదన్నాడు."