అన్న పేరు మీద అసిరయ్య

విజయనగరం దగ్గర ఒక గోనెసంచుల మిల్లులో నేను హాజరు గుమాస్తాని. మగ్గాల దగ్గర పనిచేసే అసిరయ్య, నా పుస్తకంలో మాత్రం కూర్మయ్య. ఈ సంగతి మిల్లులో అందరికీ తెలుసు, పై ఆఫీసుకి తప్ప.

కూర్మయ్య అతని అన్న. పంతొమ్మిది వందల నలభై నాలుగులో అన్నకి జ్వరం వస్తే, పని పోకూడదని తమ్ముడు ఆ పేరుతో పదిహేను రోజులకని వెళ్ళాడు. ఆ రోజుల్లో అది మామూలే. ఆ జ్వరంలోనే అన్న పోయాడు. ఆ రోజూ అసిరయ్య పనిలోకి వెళ్ళాడు, ఎందుకంటే కూర్మయ్య హాజరు కావాలి. పదిహేను రోజులు ఇరవై నాలుగేళ్ళయ్యాయి.

అరవై ఎనిమిదిలో కూర్మయ్యకి యాభై ఎనిమిది నిండాయని రిటైరు కాగితం వచ్చింది.

"సచ్చినోడికి వయసెలాగొస్తాది బాబూ? నాకింకా యాభై ఒకటే. ఇంటికాడ అయిదుగురున్నారు, ఏటి తింతారు?" అన్నాడు అసిరయ్య.

నిజం రాస్తే అతని మీద కేసు. అబద్ధం రాస్తే నా ఉద్యోగానికి ఎసరు. ఇన్నేళ్ళూ రోజూ టిక్కు పెట్టింది నేనే కాబట్టి, నా మీద నాకే ఒళ్ళు మండింది. రూల్స్ పుస్తకం తిరగేశాను. రిటైరయ్యేవాడు తన చోట పనికి ఇంటివాళ్ళలో ఒకరిని సిఫార్సు చేయొచ్చునట. వయసు ఊసే లేదు.

"మీ అన్న చేత సిఫార్సు చేయిద్దాం."

"ఆడు సచ్చిపోనాడు కదా!"

"ఆఫీసులో ఇంకా పోలేదు."

అసిరయ్య చేతే అన్న కాగితం మీద ఎడమ బొటనవేలి ముద్ర, తమ్ముడి కాగితం మీద కుడి బొటనవేలి ముద్ర వేయించాను. రెండూ ఎడమవే ఉండాలని రూలు. ఎవరూ అడగలేదు.

కొత్త మేనేజరు మగ్గం నడిపించి చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"అన్న సెప్తే ఇన్నాను బాబూ."

మేనేజరు మెచ్చుకుని సంతకం పెట్టాడు.

మొదటిరోజు హాజరు వేస్తూ "అసిరయ్యా" అని మూడుసార్లు పిలిచాను. ఎదురుగా నిలబడే ఉన్నాడు, పలకడు. విసుగొచ్చి పుస్తకం అతని ముందు పెట్టి పేరు చూపించాను. చదువు రాదు కాబట్టి పై వరసలో గీత మీద వేలు పెట్టాడు.

"ఈ ఎర్రగీతేటి బాబూ?"

"మీ అన్న పేరు. కొట్టేశాం."

అసిరయ్య అక్కడే కూలబడి, "అన్నా!" అని గొల్లుమన్నాడు. మగ్గాలు ఆపి అందరూ వచ్చారు.

కొత్తవాడికి మొదటిరోజు సెలవు ఇవ్వకూడదు. హాజరు వేసి ఇంటికి పంపించాను.