నూట పన్నెండో పేజీలో లోపం

మా మరిది తాళాలు బాగుచేస్తాడు. నలభై ఏళ్లుగా అదే పని. మా ఆయన పోయాక ఆ కొట్టులో రెండో కుర్చీ నాది. మరిది తాళంచెవులు అరగదీస్తాడు, నేను చీటీలు రాస్తాను. నేను చదివింది మూడో తరగతే గాని నా అక్షరాలు ముత్యాలు. అతను పదో తరగతి దాకా వెలగబెట్టాడు, రాత మాత్రం కోడి కెలికినట్టుంటుంది. చదువుకూ చేతిరాతకూ చుట్టరికం లేదని నాకప్పుడే తెలిసిపోయింది.

చీటీలో నాలుగు గడులుంటాయి. వస్తువు, లోపం, చేసిన పని, అడుగున తెచ్చినవాళ్ల సంతకం. పక్కనే మరిది సంతకం పెట్టాలి. లోపం గడి ఖాళీగా ఉంటే చచ్చినా పెట్టడు. లోపం లేనిదాన్ని మన దగ్గరికి ఎందుకు తెస్తారంటాడు.

ఇంకో పట్టింపు కూడా ఉంది. ఏ తాళంలోనైనా పనిముట్టు పెట్టే ముందు మూడుసార్లు తడతాడు. కొత్తలో ఒకాయన వచ్చి, ఇంట్లో ఎవరూ లేరు, తాళంచెవి పోయింది, తీసిపెట్టమన్నాడు. తీశాడు. లోపల ఆయనగారి అత్తగారు. అల్లుడి మొహం చూడలేక కావాలనే లోపలినుంచి తాళం వేసుకుని కూర్చుందట. చీపురు లేచింది అల్లుడి కోసం, తగిలింది మరిదికి. అప్పటినుంచి ఖాళీ ట్రంకుపెట్టెను కూడా తట్టిగాని ముట్టుకోడు.

ఒకసారి కాలేజీలో బీరువా తెరవడానికి పిలిచారు. అలవాటు కొద్దీ బీరువానూ తట్టాడు. పక్కన నిలబడ్డ ప్రొఫెసరమ్మ నవ్వి, లోపల ఎవరుంటారని అడిగింది. ఇతను చీపురు సంగతి చెప్పాడు. ఆవిడ నవ్వు ఆపేసి, మూసిన తలుపుల మీద తను నలభై పేజీలు రాశానంది. బీరువా తెరిస్తే ఆవిడ రాసిన పుస్తకం ప్రతులే మూడు వందలు, అట్టయినా నలగకుండా ఉన్నాయి. ఒకటి తీసి ఇతని చేతిలో పెట్టింది.

చూస్తే వీడియో గేముల మీద పుస్తకం. నాలుగు వందల పేజీలు. పిల్లలు తిండి మానేసి ఆడే వాటి మీద పెద్దవాళ్లు కళ్లద్దాలు పెట్టుకుని పరిశోధన చెయ్యడమేమిటని ఆ రోజంతా నవ్వాను. మరిది నవ్వలేదు. రోజుకో రెండు పేజీలు, బేరానికీ బేరానికీ మధ్య చదివేవాడు. కొన్ని వాక్యాలు టీ పొగలు కక్కుతుండగా మొదలై, చల్లారాక గాని పూర్తయ్యేవి కావు. కొరుకుడు పడనివి నాకు పైకి చదివేవాడు. నాకూ అర్థమయ్యేవి కావు. ఆ మాట ఒప్పుకోవడం నా వల్ల కాదు కాబట్టి, నువ్వు విరవాల్సిన చోట విరవలేదు, మళ్లీ చదవమనేదాన్ని. చిత్రమేమిటంటే రెండోసారి నిజంగానే అర్థమయ్యేది.

తలుపుల సంగతి ఇది. ఆటలో ఒక వీధి ఉంటుంది. వీధి నిండా ఇళ్లు, ఇళ్లకు తలుపులు. తెరుచుకునేవి రెండో మూడో, మిగతావి గోడ మీద బొమ్మలు. అది మోసం కాదంటుంది ఆవిడ. తెరుచుకోని తలుపులుంటేనే ఊరు ఊరులా ఉంటుందట. వాటి వెనక మనతో పని లేని బతుకులున్నాయని మనసు దానంతటదే నమ్ముతుందట. అది చదివి మరిది ఆకురాయి కింద పెట్టేశాడు.

"ఇన్నేళ్లూ తీసిన తలుపులే లెక్క అనుకున్నాను వదినా. తీయనివి కూడా ఉన్నాయని తట్టనే లేదు."

ఆ పూట ఇంకో తాళంచెవి అరిగితే ఒట్టు.

ఆ తలుపులేవో కళ్లారా చూడాలని మరిది మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. వారమంతా రోగులకు కట్లు కట్టి, సెలవు రోజున రాక్షసులను నరుకుతుంది. ఆటలో మరిది ఆడించే మనిషి గోడలకు గుద్దుకుని, వెనక్కి నడిచి, కాలవలో పడి లేచి, మొత్తానికి ఒక తలుపు ముందుకు చేరాడు. అక్కడే ఇరవై నిమిషాలు. రాక్షసుడొచ్చి వీపులో పొడుస్తున్నా కదలలేదు.

"అది బొమ్మ బాబాయ్, తెరుచుకోదు."

"బొమ్మకి తాళంచెవి కన్నం దేనికే?"

మా అమ్మాయి తెరకు మొహం ఆనించి చూసింది. ఇన్నాళ్లుగా ఆడుతున్నా ఆ కన్నాన్ని చూడటం అదే మొదలట. ఆ ప్రశ్న మీదే పుస్తకంలో పదిహేను పేజీలున్నాయి.

కొన్నాళ్లకు ప్రొఫెసరమ్మ బీరువాకు మారు తాళంచెవి కావాలని కొట్టుకు వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. శుక్రవారం కాలేజీలో కమిటీ కూర్చుంటుందట. బయటివాళ్లెవరూ చదవని పుస్తకాన్ని బీరువాలో మేపడం దేనికి, తూకానికి వేసేద్దాం, రెండో భాగం ఊసే వద్దు అంటున్నారట. చదివినవాళ్ల ఉత్తరాలుంటే తెమ్మన్నారు. పదకొండు ఉన్నాయి, పదకొండూ ఆవిడ శిష్యులవే. పన్నెండోది నేనిస్తానని మరిది మాటిచ్చేశాడు.

మాటివ్వడం తేలికే. తెల్లకాగితం ముందు రెండు రోజులు కూర్చుని, చివరికి చీటీల పుస్తకం నా ముందుకు తోశాడు.

"నాకు వచ్చిన రాత ఇదొక్కటే. రాయండి వదినా."

వస్తువు, పుస్తకం. రాశాను. లోపం, నూట పన్నెండో పేజీ అన్నాడు. కలం ఆపేశాను.

ఆటలో దొంగ తాళం తీసే తీరు అక్కడుంది. లోపలి పిన్నును, అంటే తాళం తిరక్కుండా అడ్డుపడే చిన్న కడ్డీని, ఒకసారి పైకెత్తితే అక్కడే నిలబడుతుంది, నిజం తాళంలోనూ అంతే, అని ఆవిడ రాసింది. నిలబడదంటాడు మరిది. రెండో చేత్తో తాళాన్ని కాస్త తిప్పి పట్టుకునే ఉండాలి. చెయ్యి వదిలితే ఎత్తినవన్నీ కిందికొచ్చేస్తాయట.

"మునిగిపోయే మనిషి నెత్తిన రాయి పెడతావా? బాగుంది అని రాసి పంపేద్దాం."

"బాగుంది అనడానికి చదవక్కర్లేదు వదినా."

"ఈ ఒక్కసారికి ఆ గడి వదిలెయ్యి."

"అయితే సంతకం కూడా మీరే పెట్టుకోండి."

 కొట్టు మూసేవేళ లోపం గడి నేనే నింపాను. చేసిన పని గడిలో అతను చెప్పింది చెప్పినట్టు పెట్టాను: మొత్తం చదివాను. తలుపుల సంగతి మూడుసార్లు చదివాను. ఇప్పుడు వీధిలో నడిచేటప్పుడు మూసి ఉన్న తలుపులను కూడా చూస్తున్నాను.

శుక్రవారం మరిది రెండు తాళంచెవులు పాడుచేశాడు. అతని చేతిలో అలా జరగడం నేనెరగను. మేం పంపిన ఆ చీటీ ఆవిడ కొంప ముంచిందని ఇద్దరికీ లోపల పీకుతూనే ఉంది. మధ్యాహ్నం ఆవిడ రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది, పనిముట్ల సంచీ తీసుకుని వెంటనే రమ్మంది.

లోపల జరిగింది మాకు తర్వాత తెలిసింది. అద్భుతం, అమోఘం అన్న పదకొండు ఉత్తరాలను కమిటీ పెద్ద పేకముక్కల్లా తిప్పేశాడట. చీటీ దగ్గర ఆగి, పుస్తకం తెప్పించి, నూట పన్నెండో పేజీ తీశాడట. పిన్ను నిలబడుతుందని ముగ్గురు, పడిపోతుందని నలుగురు. మాటా మాటా పెరిగింది. తేల్చుకుందామని మీటింగు గది తలుపుకున్న తాళాన్నే ఊడదీశారు. స్ప్రింగులు తలో దిక్కూ పోయాయి, తలుపు బిగుసుకుపోయింది. బయట కూర్చున్న ఈవిడకు లోపలినుంచి అరుపులు వినబడ్డాయి.

నేనూ వెళ్లాను, అంత వేడుక వదులుకుంటానా? లోపల ఏడుగురున్నారని తెలిసి కూడా మరిది మూడుసార్లు తట్టాడు.

"ఉన్నామయ్యా, ఉన్నాం!" అన్నారు ఏడుగురూ.

రెండు నిమిషాల్లో తీశాడు. కమిటీ పెద్ద నూట పన్నెండో పేజీలో వేలు పెట్టుకుని చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. "పడిపోతాయి, నిజమే" అన్నాడు. ఇంతగా చదివే మనిషి ఊళ్లో ఒక్కడున్నా పుస్తకాన్ని తూకానికి వెయ్యడం తప్పని అక్కడే నిలబడి తేల్చేశాడు. రెండో భాగానికీ ఒప్పుకున్నారు, ఆ పేజీ దిద్దాలన్న షరతు మీద.

ప్రొఫెసరమ్మ చీటీ అడుగున సంతకం పెట్టి తెచ్చిచ్చింది. మరిది దాన్ని కొట్టులో గోడకు తగిలించాడు. వచ్చినవాళ్లంతా రెండు సంతకాలూ చూస్తారు. అక్షరాలెవరివని ఒక్కరూ అడగరు.

రెండో భాగం అచ్చుకు పంపే ముందు ఆవిడ ఆ కాగితాలు మాకే ఇచ్చింది. ఇప్పటికి మూడు లోపాలు దొరికాయి. ఒకటి నేను పట్టింది. అది లోపమే కాదంటాడు మరిది, మళ్లీ చదవమన్నాను.